కీళ్ల క్లినిక్ పక్క గదిలోనే మనసుకు వైద్యం

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో బాధపడుతున్న మనిషికి "ఒకసారి సైకాలజిస్టును కూడా కలవండి" అని ఎవరైనా చెబితే, చెప్పినవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, వినేవారికి అది "నీ నొప్పిలో సగం నీ ఊహే" అన్నట్టుగానే తోస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు మడతపడక, పళ్లు తోముకునే బ్రష్షును రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చేవారికి ఆ మాట ఎంత కష్టం కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నాకు ఈ జబ్బు ఇంగ్లాండులో స్థిరపడిన తరువాత బయటపడింది. దీర్ఘకాలిక శారీరక వ్యాధులున్నవారి కోసం ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్ నడుపుతున్న మానసిక చికిత్స సేవను నేను స్వయంగా వాడుకున్నాను. ఆ అనుభవం వల్లా, ఆ తరువాత చదివి తెలుసుకున్నదాని వల్లా నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఈ చికిత్స ఫలించడంలో దాని పద్ధతికి ఎంత పాత్ర ఉందో, అది జరిగే చోటుకూ అంత పాత్ర ఉంది. ఒంటికి వైద్యం జరిగే చోటే, ఆ జబ్బు సంగతి తెలిసినవారే చేస్తామంటే రోగి కాదనడు; వేరే భవనానికి, వేరే బోర్డు కిందికి వెళ్లమంటే చాలామంది ఆ గుమ్మం తొక్కనే తొక్కరు.

నా విషయంలో ఈ సంగతి ముందుగా ఎత్తినది డాక్టరు కాదు, కీళ్ల విభాగంలో పనిచేసే స్పెషలిస్టు నర్సు. ఈ జబ్బును అదుపులో ఉంచడానికి వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర వల్ల కాలేయానికీ రక్తకణాలకూ ఇబ్బంది రాకుండా క్రమం తప్పక రక్తపరీక్షలు చేస్తుంటారు. ఆ ఫలితాలు చూస్తూ ఆవిడ, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ దిగింది, వాపు కూడా తగ్గింది, కానీ మీరు చెబుతున్న నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగారు. నేను సమాధానం వెతుక్కుంటూ ఉండగానే, నొప్పి నిజమైనదేననీ, దాని గురించి తనకు ఏ సందేహమూ లేదనీ, మందుల వైపు నుంచి చేయగలిగింది చేశాం కాబట్టి ఇక రెండో వైపు నుంచి కూడా చూద్దామనీ అన్నారు. థెరపిస్టు కూర్చునే గది అదే వరండాలో, రక్తం తీసే గదికి ఆనుకుని ఉంది. తలుపు మీద "మానసిక" అన్న మాట ఎక్కడా లేదు. లోపలికి వెళ్లేవారిని చూసి, వీరు రక్తపరీక్షకు వచ్చారా, మరొక పనికి వచ్చారా అని పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ నర్సు ప్రశ్న వెనుక ఉన్న లెక్క తరువాత అర్థమైంది. ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి వాడే డాస్-28 అనే స్కోరులో నాలుగు అంశాలు ఉంటాయి. 28 కీళ్లను నొక్కి చూసి ఎన్నింటిలో వాపు ఉందో, ఎన్నింటిలో నొప్పి ఉందో లెక్కిస్తారు. రక్తంలో వాపును సూచించే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ చూస్తారు. చివరికి ఒక గీత చూపించి, మీకు మొత్తం మీద ఎలా ఉందో దాని మీద గుర్తు పెట్టమంటారు. అంటే నాలుగింటిలో రెండు రోగి చెప్పే మాట మీద ఆధారపడినవే. నిద్ర లేకుండా, దిగులుతో కుంగిపోయి ఉన్న మనిషికి నొక్కిన ప్రతి కీలూ నొప్పిగానే ఉంటుంది, గీత మీద గుర్తు కూడా పైకే పోతుంది. వాపూ రక్తపరీక్షా నెమ్మదించినా స్కోరు మాత్రం ఎక్కువగానే కనిపిస్తుంది, దాన్ని బట్టి మరింత బలమైన, మరింత ఖరీదైన మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అందువల్ల మనసు సంగతి కనుక్కోవడం ఇక్కడ దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు. మందు మోతాదును సరిగ్గా నిర్ణయించడానికి అది కూడా ఒక పరీక్షే.

ఈ సేవ పుట్టుక కూడా డబ్బు లెక్కలతోనే ముడిపడి ఉంది. 2006లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి రిచర్డ్ లేయర్డ్ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక నివేదిక వెలువరించారు. కుంగుబాటుకూ ఆందోళనకూ మాటల ద్వారా చేసే చికిత్సను విస్తృతంగా అందిస్తే, దానికయ్యే ఖర్చు జనం తిరిగి పనుల్లోకి వెళ్లడం వల్లా, భృతులు తగ్గడం వల్లా రాబట్టుకోవచ్చునని వారి వాదన. ఆయనకు తోడుగా నిలిచిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్. ఉత్తరాన డాంకాస్టర్‌లోనూ, తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లోనూ ముందుగా ప్రయోగాత్మకంగా నడిపి, 2008 నుంచి ఇంగ్లాండు అంతటికీ విస్తరింపజేశారు. న్యూహామ్ అంటే మనవాళ్లు దోసెల కోసం, బంగారం కోసం వెళ్లే ఈస్ట్‌హామ్ ఉన్న ప్రాంతమే. అక్కడ తేలిన ఒక విషయం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది: జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) ఉత్తరం అక్కరలేకుండా ఎవరికి వారే పేరు నమోదు చేసుకునే వీలు కల్పించినప్పుడు, ఆ ప్రాంతపు జనాభాలో ఉన్న అల్పసంఖ్యాక జాతులవారు తమ నిష్పత్తికి దగ్గరగా వచ్చారు, డాక్టర్లు పంపితే వచ్చినవారిలో ఆ నిష్పత్తి తగ్గింది. గుమ్మం ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి లోపలికి వచ్చేవారు మారతారనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

శారీరక వ్యాధులున్నవారిని ప్రత్యేకంగా పట్టించుకోవడం తరువాతి అంకం. 2009లోనే, ఇంగ్లాండులో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ దీర్ఘవ్యాధులతో పాటు కుంగుబాటు ఉన్న పెద్దల చికిత్సకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2012లో, ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కింగ్స్ ఫండ్ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం దీర్ఘవ్యాధులున్నవారిలో సుమారు 30 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది, అలా రెండూ కలిసినప్పుడు శారీరక వైద్యానికయ్యే ఖర్చు ఒక్కొక్కరికి కనీసం 45 శాతం పెరుగుతుంది. 2016 నుంచి మధుమేహం, గుండెజబ్బు, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి), దీర్ఘకాలిక నొప్పి వంటివి ఉన్నవారి కోసం థెరపిస్టులకు అదనపు శిక్షణ ఇచ్చి, వీలైనంతవరకు ఆసుపత్రి క్లినిక్కుల్లోనూ జీపీ కేంద్రాల్లోనూ కూర్చోబెట్టడం ప్రారంభించారు. 2023 జనవరిలో మొత్తం సేవ పేరును ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని మార్చారు. నిబంధనల ప్రకారం 75 శాతం మందికి ఆరు వారాల్లో చికిత్స ప్రారంభం కావాలి.

చికిత్సలో ఏం జరుగుతుందో చెప్పకుండా దాని గుణగణాలు చర్చించడం సరికాదు కాబట్టి, నాకు నిజంగా పనికొచ్చిన ఒక భాగాన్ని వివరంగా చెబుతాను. థెరపిస్టు నాకు గంటల వారీగా గళ్లు గీసిన కాగితం ఒకటి ఇచ్చి, వారం పాటు ఏ గంటలో ఏ పని చేశానో, అప్పుడు నొప్పి పదింటికి ఎంతో రాయమన్నారు. అది చూస్తే నా వారం మొత్తం రెండే రంగుల్లో ఉంది. శుక్రవారం రాత్రి మాత్ర, శనివారం వికారంతో మంచం, ఆదివారం కాస్త తేరుకోగానే ఇంటెడు పని, సోమ, మంగళవారాలు మళ్లీ మంచం. ఆదివారం గడిలో నేను "వంట" అని ఒక్క మాట రాశాను. వంటలో ఏమేం చేశారని ఆవిడ అడిగితే గోంగూర ఒలవడం, కొబ్బరి తురమడం, పప్పు కుక్కర్ ఎత్తి దించడం, వచ్చినవారు వద్దంటున్నా గిన్నెలు నేనే తోమడం అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోవలసి వచ్చింది. కొబ్బరి తురమడం అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. పిడికిలి బిగించి, మణికట్టు తిప్పుతూ ఆ పని ఎంతసేపు చేశానన్నది మాత్రం గడియారం చూసినట్టు అడిగారు.

ఒళ్లు బాగున్న రోజున శక్తికి మించి చేసి, తరువాత రెండు రోజులు పడకేయడం దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారందరిలోనూ కనిపించే తీరేనట. దానికి ఆవిడ చెప్పిన విరుగుడు వినడానికి చాలా సులువు: నొప్పి వచ్చినప్పుడు ఆపడం కాదు, గడియారం చెప్పినప్పుడు ఆపాలి; బాగున్న రోజునా అంతే చేయాలి, బాగులేని రోజునా వీలైనంతవరకు అంతే చేయాలి. పది నిమిషాలు ఒలిచి, ఐదు నిమిషాలు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవాలి. ఆచరణలో మాత్రం ఇది మన ఇళ్లల్లో మర్యాద అనుకునే ప్రతిదానికీ అడ్డం వస్తుంది. ఇంటికి వచ్చిన వదినగారు గిన్నె అందుకుంటే "మీరు కూర్చోండి వదినా" అనకుండా ఉండడం నేను ఏ యోగాసనం కంటే కష్టమైన సాధనగా నేర్చుకోవలసి వచ్చింది. చేతులు అప్పుడు నెమ్మదిగా నా మాట వినసాగాయి. ఆదివారానికీ సోమవారానికీ మధ్య ఉన్న అగాధం తగ్గింది. జబ్బు తగ్గిందని నేను అనడం లేదు, వారం మాత్రం మళ్లీ ఏడు రోజుల వారంగా మారింది.

ఆలోచనల మీద చేసే పని గురించి నాకు కొంత తేడా అభిప్రాయం ఉంది. సీబీటీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స) పద్ధతిలో, మనసులో మెదిలే దిగులు మాటను రాసి, అది ఎంతవరకు నిజమో అనుకూల ప్రతికూల ఆధారాలతో పరిశీలించమంటారు. "ఎవరికీ నేను అక్కర్లేదు" వంటి మాట ఆ పరిశీలనకు నిలబడదు. కానీ "ఈ జబ్బు జీవితాంతం ఉంటుంది" అన్నది దిగులు మాట మాత్రమే కాదు, నిజం కూడా. నిజాన్ని ఆధారాలతో పడగొట్టలేం. దీర్ఘవ్యాధుల విషయంలో శిక్షణ పొందిన థెరపిస్టుకూ, మామూలు శిక్షణ మాత్రమే ఉన్నవారికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటివారు ఆ మాటతో వాదించరు. ఉన్నదాన్ని ఉన్నట్టు పక్కన పెట్టుకుని, అయినా సరే మీకు ముఖ్యమైన పనుల్లో ఈ వారం ఏది చేయగలరు అని అడుగుతారు. అలాగే సీఓపీడీ ఉన్నవారికి ఆయాసం వస్తే భయం, భయం వల్ల మరింత ఆయాసం అనే వలయం ఏర్పడుతుంది. ఆ మనిషితో "ఊపిరి ఆగదు, భయపడకండి" అని తేలిగ్గా అనేసేవారికి ఆ జబ్బు గురించి తెలియదని రోగికి వెంటనే అర్థమవుతుంది. ఇన్సులిన్ వాడేవారికి రాత్రి నిద్రలో షుగరు పడిపోతుందేమోనన్న భయం కూడా అటువంటిదే. దాన్ని అనవసరపు ఆందోళన అని కొట్టిపారేయడానికి వీలు లేదు.

ఈ సేవలో లోపాలు లేవనుకోకూడదు. ప్రతి సమావేశానికి ముందు పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అనే, వరుసగా కుంగుబాటునూ ఆందోళననూ కొలిచే రెండు ప్రశ్నపత్రాలు నింపాలి. మొదటిదానిలోని తొమ్మిది ప్రశ్నల్లో నిద్ర, అలసట, ఆకలి, కదలికలు మందగించడం వంటివి ఉంటాయి. కీళ్ల జబ్బు మనసుతో నిమిత్తం లేకుండానే ఆ మార్కులను పెంచేస్తుంది. మొదటి పత్రంలో 10 కంటే, రెండోదానిలో 8 కంటే కిందికి దిగినవారినే "కోలుకున్నవారు" అని లెక్కిస్తారు కాబట్టి, ఎంతో మెరుగైన దీర్ఘరోగి కూడా ఆ జాబితాకు ఎక్కకపోవచ్చు. మొదటి సమావేశం త్వరగా జరిగి, రెండోదానికి చాలా కాలం నిరీక్షించవలసి రావడం మరొక ఫిర్యాదు, అది న్యాయమైనదే. పైగా ఈ సేవ ఉద్దేశించినది ప్రధానంగా కుంగుబాటుకూ ఆందోళనకూ. అంతకు మించిన స్థితిలో ఉన్నవారికి ఇది చాలదు.

ఇక్కడి తెలుగువారికి ఒక్క మాట. పిల్లల దగ్గర స్థిరపడిన పెద్దవారు దిగులును దిగులుగా చెప్పరు. గుండె దడ, తల దిమ్ము, ఒళ్లంతా మంటలు అని చెబుతారు. ఇంగ్లీషు రాకపోతే కొడుకో కోడలో పక్కన కూర్చుని అనువదిస్తారు. కోడలి ఎదుట అత్తగారు, అత్తగారి ఎదుట కోడలు ఏం చెప్పగలరో మనకు తెలియనిది కాదు. దుబాసీ కావాలని ముందుగానే అడగండి. అడిగితే ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఈ సేవ నడిపేవారిది.

మన రాష్ట్రాల్లో ఇటువంటిది సాధ్యమా అని అడిగేవారికి విశాఖపట్నం పేరు చెప్పవచ్చు. మధుమేహంతో పాటు కుంగుబాటు ఉన్న 404 మందితో చెన్నై, ఢిల్లీ, బెంగళూరు, విశాఖపట్నాల్లోని నాలుగు డయాబెటిస్ క్లినిక్కుల్లో ఒక పరిశోధన జరిగి, 2020లో జామా అనే అమెరికన్ వైద్య పత్రికలో వెలువడింది. అమెరికాలోని సియాటిల్‌లో రూపొందిన పద్ధతిని మన క్లినిక్కులకు తగినట్టు మార్చుకున్నారు. రోగులతో మాట్లాడినవారు డాక్టర్లు కారు. శిక్షణ పొందిన సంరక్షణ సమన్వయకర్తలు. షుగరు, బీపీ, కొలెస్టరాల్, మనసు, ఈ నాలుగింటినీ ఒకే మనిషి గమనిస్తూ, స్పెషలిస్టులతో కూర్చుని రోగుల వివరాలు క్రమంగా సమీక్షించుకునేవారు. రెండేళ్ల తరువాత చూస్తే, కుంగుబాటు సగానికి తగ్గి, దానితో పాటు షుగరు, బీపీ, కొలెస్టరాల్‌లలో కనీసం ఒకటైనా చెప్పుకోదగినంత మెరుగైనవారు ఈ పద్ధతిలో 71.6 శాతం ఉంటే, మామూలు వైద్యంలో 57.4 శాతం ఉన్నారు. మామూలు వైద్యంలోనే సగానికి మించి మెరుగయ్యారు కదా అని అనవచ్చు. పరిశోధనకు ఎంచుకున్నవి మంచి క్లినిక్కులు కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు. నన్ను ఆకట్టుకున్నది మరొకటి: షుగరు చూపించుకోవడానికి వచ్చిన క్లినిక్కులోనే అంతా జరిగింది. అనకాపల్లిలో ఉండే మా అత్తగారికి ఇరవై ఏళ్ల పైబడి షుగరు. మానసిక వైద్యుణ్ని చూద్దామంటే "నాకేం పిచ్చా అమ్మాయ్" అంటారు. అదే షుగరు డాక్టరు దగ్గర డైట్ చెప్పే అమ్మాయి అడిగితే కష్టసుఖాలన్నీ గంటసేపు చెబుతారు.

పద్ధతి ఏదైనా చోటు ఒక్కటే చాలునని నేను అనడం లేదు. కుంగుబాటు ఉన్న డయాలసిస్ రోగులతో అమెరికాలో జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, డయాలసిస్ జరుగుతుండగా కుర్చీ పక్కనే కూర్చుని సీబీటీ చేశారు. మరొక బృందానికి కుంగుబాటు తగ్గించే సెర్ట్రలీన్ మాత్ర ఇచ్చారు. 12 వారాలకు మాత్ర వాడినవారి మార్కులే కాస్త మెరుగ్గా ఉన్నాయి, దుష్ఫలితాలు కూడా వారిలోనే ఎక్కువ. అంటే రెండింటికీ తావు ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండు మూడు సార్లు నాలుగేసి గంటలు యంత్రానికి అతుక్కుని ఉండేవారు ఎందరో ఉన్నారు. పలాసలో 2023 డిసెంబరులో వారికోసం ప్రత్యేక ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. కదలకుండా కూర్చునే ఆ గంటల్లో పక్కన ఒక శిక్షణ పొందిన మనిషి కూర్చోవడానికి కొత్త భవనం అక్కరలేదు, రోగికి మరో బస్సు చార్జీ కూడా అక్కరలేదు.

ప్రస్తుతం మనకు అందుబాటులో ఉన్నది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా బీమా వర్తింపజేయాలని చెబుతోంది. అయితే మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాయి కాబట్టి, వారానికోసారి గంటసేపు కూర్చుని మాట్లాడే చికిత్సకు ఆ నిబంధన వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అందుచేత షుగరు, కీళ్లు, గుండె క్లినిక్కులు నడిపేవారు తమంతట తాము చేయగలిగినదాని నుంచే మొదలుపెట్టడం మేలు. పీహెచ్‌క్యూ-9 వాడుకోవడానికి ఎవరి అనుమతీ, ఏ రుసుమూ అక్కరలేదు. బరువు, బీపీ చూసే నర్సో, ఆహారం గురించి చెప్పే డైటీషియనో దాన్ని చదివి వినిపించి నింపించవచ్చు. అయితే ఆ పత్రంలో తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నది. దానికి అవునన్న జవాబు వచ్చిన పత్రాన్ని ఫైలులో పెట్టి రోగిని ఇంటికి పంపడం కంటే అసలు అడగకపోవడమే నయం. ప్రశ్నపత్రాలు అచ్చు వేయించే ముందు, ఆ రోజే ఆ రోగితో కూర్చుని మాట్లాడేది ఎవరు, ఆ తరువాత ఏ డాక్టరుకు అప్పగించాలి, డాక్టరు లేని పూట ఏం చేయాలి అన్నవి క్లినిక్కులో అందరికీ పేర్లతో సహా తెలిసి ఉండాలి.